లెక్క అడిగిన పంతులుగారు: దాదాభాయి నౌరోజీ



పేదవారిని చూచినప్పుడు పాపము, వారి తలరాత అని మనమంటాము. చేతిలో ఉన్నది పెట్టి పంపుతాము. పెట్టుట మంచిదే. అయితే పేదరికము తలరాత కాదు, దానికి కారణములున్నవి, ఆ కారణములకు బాధ్యులున్నారు, కాబట్టి పేదవాడు లెక్క అడుగవచ్చును. ఈ సంగతిని మన దేశములో అంకెలతో చూపించిన మొదటివారిలో ఒకరు లెక్కల పంతులుగారైన దాదాభాయి నౌరోజీ. ఆయన మన సంఘములవారు కారు, పారసీ మతస్థులు. కాని ఇల్లు విడిచి దూరదేశములో ఏండ్ల తరబడి బ్రదికిన మనిషి. వలస వచ్చి స్థిరపడిన మనవంటివారు ఆయన జీవితమును తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

దాదాభాయి గారు 1825 సెప్టెంబరు 4న ఒక పేద పారసీ పురోహితుని ఇంట జన్మించారు. నాలుగేండ్లు నిండీ నిండకముందే తండ్రి చనిపోయారు. తల్లి మాణెక్‌బాయి గారికి చదువు లేదు. ఆమె బొంబాయిలో కష్టపడి ఒక్కగానొక్క కుమారుని పెంచారు. ఆ రోజులలో అక్కడి విద్యాసంఘము నడిపిన బడిలో జీతము కట్టనవసరము లేదు. జీతము కట్టవలసి వచ్చియుంటే ఆ తల్లి బిడ్డను బడికి పంపగలిగేది కాదు. ఈ మాట ఆయన జీవితాంతము మరువలేదు. ప్రజల ధనముతో చదివాను గనుక ప్రజలకు ఋణస్థుడనని తలంచారు.

చదువు ముగించి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయములో గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించారు. అక్కడ ప్రొఫెసరు పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1849లో స్నేహితులతో కలిసి బాలికలకు బడులు తెరిచారు. ఉదయము పూట జీతము లేకుండ వారే పాఠములు చెప్పేవారు. ఆడపిల్లకు చదువెందుకని పెద్దలు కోపించినా, చదువురాని ఆ తల్లి కుమారుని పక్షముననే నిలిచారు.

1855లో ఒక పారసీ వర్తక సంస్థలో భాగస్థుడై ఇంగ్లండు వెళ్లారు. ఆ సంస్థకు నల్లమందు, సారాయి వ్యాపారములో లాభము వచ్చుట ఆయన మనస్సాక్షి ఒప్పుకొనలేదు. దానిని విడిచి 1859లో స్వంతముగా ప్రత్తి వ్యాపారము పెట్టుకొన్నారు. లండను యూనివర్సిటీ కాలేజీలో గుజరాతీ భాష కూడ బోధించారు.

1866లో ఒరిస్సాలో ఘోరమైన కరవు వచ్చింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు. గంజాం ప్రాంతము కూడ ఆ బాధ పడింది. అదే సంవత్సరము దాదాభాయి గారు లండనులో ఈస్ట్ ఇండియా అసోసియేషన్‌ను స్థాపించి, మన దేశపు సంగతులు అక్కడివారికి చెప్పనారంభించారు. భారతదేశము నానాటికి ధనవంతమగుచున్నదని అప్పటి అధికారుల వాదము. పంతులుగారు వాదములకు దిగక, ప్రభుత్వము అచ్చు వేసిన నివేదికలనే తీసికొని కూర్చున్నారు.

మొదట ఆయనకు కనబడినది సగటు తీయుటలో తప్పు. అధికారులు జిల్లాల దిగుబడులను కూడి, జిల్లాల సంఖ్యతో భాగించేవారు. ఉదాహరణకు, ఒక జిల్లాలో వెయ్యి ఎకరములలో ఎకరానికి 12 బస్తాలు, మరొక జిల్లాలో లక్ష ఎకరములలో 4 బస్తాలు పండినవనుకొందాము. అధికారి లెక్కలో సగటు 8 బస్తాలు. నిజమైన సగటు 4కు ఏ కొంచెమో ఎక్కువ. కాగితము మీద పంట రెట్టింపైనది, రైతు ఇంట గాదె మాత్రము అట్లే యున్నది. ఈ తప్పులు సరిచేసి, పంటలకు ఇతర ఉత్పత్తులు కలిపి, జనసంఖ్యతో భాగించి చూడగా మనిషికి ఏడాదికి వచ్చినది సుమారు 20 రూపాయలు. ఈ లెక్కను 1876లో బొంబాయిలో చదివి వినిపించారు.

ఇరువది రూపాయలు చాలునా, చాలవా? దీనికి కూడ ప్రభుత్వపు కాగితములే తీశారు. కలకత్తా నుండి ఓడలెక్కే వలస కూలీలకు ప్రాణము నిలుచుటకు ఎంత తిండి కావలెనో అక్కడి వైద్యాధికారి పట్టిక వేసియున్నారు. రోజుకు బియ్యము 20 ఔన్సులు, పప్పు 6 ఔన్సులు, కొంచెము మాంసము, కూరలు, నెయ్యి, నూనె, ఉప్పు. అది ఓడలో పని లేక కూర్చుండువానికి మాత్రమే. తరువాత ఖైదీల లెక్క చూచారు. జైలులో ఖైదీ తిండికి బట్టకు ప్రభుత్వము పెట్టే ఖర్చు, బయట నేరము చేయక చెమటోడ్చువాని సగటు ఆదాయము కంటె ఎక్కువగా తేలింది. సగటు అన్నప్పుడు జమీందారుని ఆదాయము, కూలివాని ఆదాయము కలిసియుండును గదా. మరి కూలివాని వంతుకు ఎంత మిగులును?

ఈ పేదతనమునకు కారణము జనుల సోమరితనము కాదన్నారు. దేశములో వసూలైన పన్నులలో పెద్దభాగము విదేశీ ఉద్యోగుల జీతములుగా, పింఛనులుగా, లండను కార్యాలయపు ఖర్చులుగా ఏటేట సముద్రము దాటిపోవుచున్నదని, తిరిగి వచ్చునది లేదని చూపించారు.

ఆయన లెక్క చదివిన ఆ 1876లోనే మద్రాసు రాజధానిలో మహాకరవు మొదలైంది. బళ్లారి, కర్నూలు, నెల్లూరు ప్రాంతములు ఎండిపోయినవి. 1877లో కరవు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక్క పౌను ధాన్యమునకు, కొద్దిపాటి చిల్లరకు కూలి తగ్గించారు. పౌను అనగా 16 ఔన్సులు. ఓడలో ఊరక కూర్చున్నవానికి బియ్యమే 20 ఔన్సులు. రాళ్లు కొట్టువానికి ధాన్యపు వంతు అంత కూడ లేదు. ఈ రెండు అంకెలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, ఆకలి ఎంతవరకు ప్రకృతి చేసినదో, ఎంతవరకు మనుష్యులు చేసినదో తెలియును.

1886లో పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయారు. 1888లో ప్రధానమంత్రి సాలిస్‌బరీ ఆయన చర్మపు రంగును ఎత్తి చులకనగా మాట్లాడారు. అయినను 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుండి 5 ఓట్ల ఆధిక్యతతో గెలిచి, తన మతగ్రంథము చేతబట్టి ప్రమాణము చేశారు. 1895లో భారతదేశపు ఖర్చులను విచారించిన వెల్బీ కమిషనులో సభ్యులై, సభ్యునిగా ఉంటూనే సాక్ష్యము కూడ ఇచ్చారు. 1901లో తన లెక్కలన్నిటిని గ్రంథముగా ప్రచురించారు. దక్షిణాఫ్రికాలోని నాటాలులో వలస భారతీయుల కష్టములను గురించి యువకుడైన గాంధీగారు 1894లో వ్రాయగా, వాటిని ఆంగ్ల మంత్రుల యెదుట పెట్టారు. ఆ వలసవారిలో తెలుగువారు కూడ ఉన్నారు.

కాంగ్రెసుకు 1886, 1893, 1906లలో మూడుసార్లు అధ్యక్షులైనారు. చివరిసారి 81 ఏండ్ల వయస్సులో కలకత్తా వేదిక మీద స్వరాజ్యమును కోరారు. దయను కాదు, న్యాయమును అడిగారు. 1917 జూన్ 30న కన్నుమూశారు.

ఆయన పోయిన 31 సంవత్సరములకు, 1948లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన చేసింది. తిండి, బట్ట, ఇల్లు, వైద్యముతో తగిన జీవితము ప్రతి మనిషికి హక్కని దాని 25వ అధికరణము చెప్పుచున్నది. మన దేశములో 2013లో ఆహారభద్రత చట్టము వచ్చింది. ఒక రాష్ట్రపు రేషను కార్డుతో వేరొక రాష్ట్రములో ధాన్యము తీసికొను ఏర్పాటు 2022 నాటికి దేశమంతట అమలైంది.

మన ఊళ్లకు నేటికిని తెలుగు జిల్లాల నుండి కూలిపనికి కుటుంబములు వచ్చుచున్నవి. కార్డు ఊరిలోనిది, ఇక్కడ చెల్లదేమో అని ఊరకుండువారు ఉందురు. అట్టివారు మన వీధిలో కనబడితే గుప్పెడు బియ్యముతో సరిపెట్టక, రేషను దుకాణమునకు తోడు వెళ్లవలెనని సంఘములను కోరుచున్నాము. అక్కడ వారు పుచ్చుకొనునది మన దానము కాదు, వారికి రావలసిన లెక్క.