బండి అమ్మి ఊరుకోని అయ్యంగారు

టీవీఎస్ అన్న మూడక్షరాలు తెలియని పల్లె మన జిల్లాలో లేదంటే అతిశయోక్తి కాదు. పాల క్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు, సంత రోజున మేకపిల్లతో సహా మోసే మోపెడ్ మీద ఆ అక్షరాలు కనిపిస్తాయి. 1980లో టీవీఎస్ 50 వచ్చిన నాటి నుంచి అది రైతు బండిగా స్థిరపడిపోయింది. ఆ మూడక్షరాలు ఒక మనిషి పేరన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ మనిషి ఈ మోపెడ్‌ను కంటితో చూడలేదు. అది రావడానికి పాతికేళ్ల ముందే, 1955లో, ఆయన కన్నుమూశారు. ఆయన జీవితమంతా నడిపినవి బస్సులు, అమ్మినవి అమెరికా కార్లు, లారీలు.

ఆయన పూర్తి పేరు తిరుక్కురుంగుడి వెంగారం సుందరం అయ్యంగార్. 1877 మార్చి 22న జన్మించారు. ఊరు తమిళదేశంలోని తిరునల్వేలి జిల్లా తిరుక్కురుంగుడి. నూట ఎనిమిది వైష్ణవ దివ్యక్షేత్రాలలో ఆ ఊరొకటి. చదువుకున్న బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు ఆ రోజుల్లో పట్టే దారినే ఆయనా పట్టారు. మొదట వకీలు పని చేశారు. తర్వాత రైల్వేలో చేరారు. ఆపైన బ్యాంకు ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం, ఊళ్లో గౌరవం, ఇంట్లో నిశ్చింత. అటువంటి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మోటారు వ్యాపారంలోకి దిగారు. 1911లో సంస్థను స్థాపించేనాటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. పెళ్లాం బిడ్డలున్నవాడు స్థిరమైన కొలువు వదిలి, జనం దెయ్యం బండి అని జడుసుకునే మోటారును నమ్ముకోవడం ఈనాటి వారికి చిన్న విషయంగా తోచవచ్చును గాని ఆనాడు చిన్న విషయం కాదు.

1912లో తంజావూరు, పుదుక్కోట పట్టణాల మధ్య ఆయన బస్సు తిరగడం మొదలుపెట్టింది. దూరం దాదాపు ముప్పై అయిదు మైళ్లు. అప్పటికి పుదుక్కోట ఒక సంస్థానం. జనం ఎడ్లబండి మీదనో, జట్కా మీదనో పోయేవారు. ఎడ్లబండివాడికి తొందర లేదు. దారిలో చెరువు కనబడితే ఎడ్లను విప్పుతాడు, చెట్టు కనబడితే తువ్వాలు పరుస్తాడు. మోటారు బస్సు అయితే దడదడలాడుతూ వస్తుంది, దుమ్ము లేపుతుంది, నడిదారిలో ఆగిపోతే ఎడ్లను కట్టి లాగాల్సిందే. డబ్బిచ్చి అటువంటి దాంట్లో ఎందుకెక్కాలి? సుందరం అయ్యంగార్ ముందున్న అసలు చిక్కు ఇదే. బస్సు కొనడం పెద్ద పని కాదు, డబ్బుంటే ఎవరైనా కొంటారు. ఎక్కిన మనిషి చెప్పిన వేళకు ఊరు చేరతానని నమ్మాలి.

అందుకే ఆయన వేళ విషయంలో మొండిపట్టు పట్టారు. జనం నిండేదాకా బస్సును నిలిపి ఉంచడం ఆయన పద్ధతి కాదు. సగం సీట్లు ఖాళీగా ఉన్నా టైమయితే కదలవలసిందే. దారి పక్క ఊళ్లవాళ్లు టీవీఎస్ బస్సు చూసి గడియారం సరిచేసుకునేవారని మధుర ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. మరో ముచ్చట కూడా ప్రచారంలో ఉంది. ఎడ్ల కాళ్లకు కొట్టిన నాడాల మేకులు ఊడి రోడ్డు మీద పడేవి. అవి గుచ్చుకుని బస్సు టైర్లు పంక్చరయ్యేవి. బస్సుల కంటే ముందుగా అయస్కాంతం కట్టిన బండిని పంపి ఆ మేకులను ఏరించేవారట. గొడ్లబండి కాలం పోయి మోటారు కాలం వచ్చే సంధిలో ఎటువంటి తంటాలు పడ్డారో ఆ ఒక్క ముచ్చటతో తెలుస్తుంది.

వ్యాపారానికి మధుర పట్టణం కేంద్రమయింది. అక్కడ వెస్ట్ వెలి వీధిలోని టీవీఎస్ భవనం తర్వాతి కాలంలో ఊరికి ఒక కొండగుర్తు అయింది. బస్సుల వెంబడే కార్ల, లారీల అమ్మకం వచ్చింది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ కంపెనీ బండ్లకు టీవీఎస్ డీలరయ్యారు. ఆ కంపెనీ 1928లో బొంబాయిలో కర్మాగారం పెట్టి, విదేశం నుంచి విడిభాగాలుగా వచ్చిన బండ్లను అక్కడే బిగించేది. షెవర్లే, బ్యూక్, పాంటియాక్ వంటివి ఆ కంపెనీ పేర్లే.

ఆ షెవర్లే బండిని చూసిన ముసలివాళ్లు ఇప్పుడెక్కడో ఒకరిద్దరుంటారు. ముందు నిలువుగా నిలబడ్డ రేడియేటరు, దానికి అటూ ఇటూ పళ్లేల మాదిరి పెద్ద దీపాలు, తలుపు కింద కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి మెట్టు. పాత మోడళ్లకు పైన గుడ్డ టాపు ఉండేది, ఎండాకాలం సాయంత్రం దాన్ని వెనక్కి మడిచేవారు. బ్యాటరీ నీరసించిందంటే ముందు భాగంలో ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పాలి. పట్టు తెలియక తిప్పితే అది వెనక్కి తన్ని చెయ్యి విరిచేది. 1929 మోడల్ నుంచి షెవర్లేకు ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. అప్పట్లో చవక బండ్లలో నాలుగు సిలిండర్లే మామూలు. ఆరు సిలిండర్ల బండి కుదుపు తక్కువగా, చప్పుడు మెత్తగా పోయేది. జమీందార్లు, చెట్టియార్లు, పేరుమోసిన డాక్టర్లు, వకీళ్లు అటువంటి కార్లు కొన్నారు. బస్సు యజమానులు మాత్రం వట్టి చాసిస్ కొని, వడ్రంగుల చేత దాని మీద కొయ్య బాడీ కట్టించుకునేవారు. ఊరూరా తిరిగిన ఆనాటి బస్సులు చాలావరకు అలా తయారైనవే.

కారు అమ్మడం ఒక ఎత్తు, అది అయిదేళ్లు పదేళ్లు నడిచేలా చూడడం ఒక ఎత్తు. మెకానిక్కు అన్న మాటే పట్నం దాటి తెలియని రోజులవి. చిన్న వాషరు పాడైనా బండి కొట్టంలో పడి ఉండేది. స్వయంగా బస్సులు నడిపిన సంస్థ కావడం వల్ల టీవీఎస్ వారికి ఆ బాధ చేతి అనుభవం. షెడ్డు, విడిభాగాల నిల్వ, చేయి తిరిగిన పనివాళ్లు లేకుండా బస్సు వేళకు నడవదు. కార్లు కొన్నవారికి కూడా ఆ ఏర్పాటే అక్కరకొచ్చింది. విడిభాగాల వ్యాపారానికి మద్రాస్ ఆటో సర్వీస్ అనే సంస్థ వెలసింది. కార్లు, లారీల అమ్మకానికి సుందరం మోటార్స్ వచ్చింది. 1950ల నాటికి జనరల్ మోటార్స్ బండ్లు పంపిణీ చేసేవారిలో దేశంలోకెల్లా సుందరం మోటార్స్ పెద్దదిగా పేరుపొందింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే కనుక మనవాళ్లకు పెద్ద కొనుగోలు అంటే చెన్నపట్నం ప్రయాణమే.

రెండో ప్రపంచ యుద్ధం మోటారు వ్యాపారాన్ని ఒక్క కుదుపు కుదిపింది. పెట్రోలుకు రేషను పెట్టారు. 1942లో మలయా జపాను వశం కావడంతో రబ్బరుకూ కరువొచ్చింది. బండి ఉంది, నూనె లేదు, టైరు లేదు. చాలామంది యజమానులు బండ్లను షెడ్లలో పెట్టి తాళం వేసుకున్నారు. సుందరం అయ్యంగార్ సంస్థ టీవీఎస్ గ్యాస్ ప్లాంటును తయారుచేసింది. బస్సుకు తగిలించిన ఇనుప పొయ్యిలో కట్టెబొగ్గు వేసి, గాలి చాలీచాలకుండా మండిస్తే గ్యాసు పుడుతుంది. దాన్ని వడగట్టి ఇంజనులోకి పంపుతారు. పెట్రోలు అక్కర లేదు. బొగ్గు బస్సు అని మన పెద్దలు చెప్పుకునేది ఇటువంటి బండి గురించే. క్లీనరు పొద్దున్నే చక్రం తిప్పి నిప్పు రాజేయాలి. ఎత్తు వస్తే బస్సు ఎక్కలేక ఆపసోపాలు పడేది, ప్రయాణికులు దిగి నడిచేవారు. దిగినవారి పంచెల మీద మసి. అయినా బస్సంటూ ఒకటి కదిలింది. అరిగిన టైర్లను పారేయకుండా పైన కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ కర్మాగారం కూడా ఆయన పెట్టించారు.

వ్యాపారంలో కొత్తను ఇంత తేలిగ్గా ఆహ్వానించిన మనిషికి ఇంట్లో ఎదురైన కొత్త అంత తేలిగ్గా మింగుడుపడలేదు. ఆయనకు, లక్ష్మి అమ్మగారికి అయిదుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. కూతుళ్లలో సౌందరంకు చిన్నతనంలోనే పెళ్లి చేశారు. అల్లుడు డాక్టరు. 1925లో ప్లేగు వ్యాధి ఆయన్ను పొట్టన పెట్టుకుంది. ఇరవయ్యేళ్ల వయసులో ఆమె వితంతువయింది. ఆ కాలపు సంప్రదాయ కుటుంబంలో అటువంటి ఆడపిల్ల మూలగదికి పరిమితం. సౌందరం ఢిల్లీ వెళ్లి లేడీ హార్డింజ్ కళాశాలలో వైద్యం చదివి 1936లో డాక్టరయింది. మధురకు వచ్చి ప్రాక్టీసు పెట్టింది. హరిజన సేవలో ఉన్న కేరళ గాంధేయుడు జి. రామచంద్రన్‌ను పెళ్లాడదలచింది. వితంతు వివాహం, అందులో కులాంతరం. తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. ఏడాది పాటు ఇద్దరూ దూరంగా ఉండి చూడమని గాంధీజీ సలహా ఇచ్చారు. ఏడాది గడిచినా వారి మనసు మారలేదు. 1940లో గాంధీజీ చేతుల మీదుగానే వివాహం జరిగింది. దిండిగల్లు దగ్గర 1947లో వెలసిన గాంధీగ్రామం ఆ దంపతుల కృషి. తర్వాత ఆమె పార్లమెంటు సభ్యురాలై, 1962 నుంచి 1967 వరకు కేంద్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశారు. తండ్రి పేరు బండ్ల మీద మిగిలితే కూతురి పేరు పల్లెల్లో మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చాక మరో దెబ్బ. విదేశీ బండ్లను విడిగా తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకోవడం చాలదని, భాగాలు కూడా ఈ దేశంలోనే తయారుకావాలని 1953లో ప్రభుత్వం నిర్ణయించింది. జనరల్ మోటార్స్ అందుకు సిద్ధపడలేదు. 1954లో బొంబాయి కర్మాగారం మూతపడింది. ఫోర్డు కంపెనీ కూడా అదే దారి పట్టింది. దశాబ్దాల తరబడి టీవీఎస్ అమ్మిన సరుకు ఇక రాదు. మరుసటి ఏడాది ఏప్రిల్ 28న సుందరం అయ్యంగార్ కొడైకెనాల్‌లో మరణించారు. వయసు డెబ్బై ఎనిమిది.

కొడుకులు రాజం, సంతానం, శ్రీనివాసన్, కృష్ణ వ్యాపారాన్ని వేరే దారికి మళ్లించారు. సంతానం 1954లో సుందరం ఫైనాన్స్ పెట్టి, చేతిలో పూర్తి సొమ్ము లేని లారీ యజమానులకు వాయిదాల మీద బండి చేతికొచ్చే వీలు కల్పించారు. 1960ల ఆరంభంలో చక్రాలు, బ్రేకులు, బండికి కావలసిన విద్యుత్ సామగ్రి తయారీకి ఒకదాని వెంట ఒకటిగా కర్మాగారాలు వచ్చాయి. ప్రభుత్వం అడిగిన పని అదే కదా. బస్సులు మాత్రం చేతిలో నిలవలేదు. తమిళనాడు ప్రభుత్వం బస్సు రవాణాను జాతీయం చేయడంతో మధుర ప్రాంతపు టీవీఎస్ బస్సులు 1972లో పాండ్యన్ రోడ్‌వేస్ అనే సర్కారు సంస్థ పాలయ్యాయి. టైముకు పేరుపడిన బస్సులు పోయాయని అక్కడి వాళ్లు చాలాకాలం బాధపడ్డారు.

ఇక కార్ల రోడ్లను అంబాసిడర్, ఫియట్ ఏలాయి. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. జనరల్ మోటార్స్ 1990లలో మళ్లీ ఇండియాకు వచ్చింది, షెవర్లే పేరుతో కొత్త కార్లు కొన్నేళ్లు అమ్మి, 2017లో ఈ దేశంలో అమ్మకాలు మానుకుంది. అయ్యంగారి కాలపు షెవర్లేలు ఏ కొద్దో మిగిలినవి ఇప్పుడు చెన్నపట్నం పాత కార్ల ప్రదర్శనల్లో తళతళలాడుతూ కనిపిస్తాయి. వాటికి భాగాలు బజారులో దొరకవు. పాడైన ముక్కను చూపించి లేతు మీద కొత్తది కోయించుకోవలసిందే.