నీలి పెదవుల రహస్యం - డాక్టర్ హెలెన్ టాసిగ్

మా చిన్నాయన బిడ్డ ఒకతి ఉండేది. నాకంటే ఏడాది చిన్నది. పిల్లలందరం కల్లంలో ఆడుకుంటుంటే, నాలుగడుగులు పరుగెత్తగానే ఆగిపోయి గొంతుక్కూర్చునేది. పెదవులు, గోళ్ళు అల్లనేరేడు పండు రంగుకు తిరిగేవి. కాసేపటికి లేచి మళ్ళీ ఆటలోకి వచ్చేది. పిల్లకు బలం లేదన్నారు కొందరు, గాలి సోకిందన్నారు కొందరు. తాయెత్తు కట్టించారు. ఐదేళ్ళు నిండకుండానే పోయింది. ఏ డాక్టరూ చూడలేదు కనుక జబ్బు పేరేమిటో ఈనాటికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతూ గుండె పాఠం దగ్గరికి వచ్చినప్పుడు, సరిగ్గా అలాగే గొంతుక్కూర్చునే పిల్లల గురించి చదివాను. ఆ పిల్లల జబ్బుకు దారి కనిపెట్టిన మనిషి గురించి కూడా చదివాను. ఆమె జీవితాన్ని మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హెలెన్ టాసిగ్ 1898 మే 24న అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్టణంలో పుట్టింది. తండ్రి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పేరున్న అర్థశాస్త్ర ఆచార్యుడు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు తల్లి క్షయతో చనిపోయింది. చదువూ సులువుగా అబ్బలేదు. అక్షరాలు తారుమారుగా కనిపించే లోపం ఉండేది. తండ్రి ఓపికగా దగ్గర కూర్చుని చదివించాడు.

వైద్యం చదవాలనుకుంటే హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆనాడు ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. బోస్టన్‌లో శరీర నిర్మాణశాస్త్రం చదువుతున్నప్పుడు అక్కడి ఆచార్యుడు ఆమె చేతిలో ఒక ఎద్దు గుండె పెట్టి పరిశీలించమన్నాడు. అక్కడి నుండి గుండే ఆమె చదువయింది. 1927లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య పట్టా పొంది, 1930లో అక్కడి పిల్లల గుండె జబ్బుల క్లినిక్‌కు అధిపతి అయింది.

అంతలో ఇంకో దెబ్బ. ముప్పై ఏళ్ళు దాటాక వినికిడి పోసాగింది. గుండె డాక్టరుకు స్టెతస్కోపు చప్పుడు వినిపించకపోతే ఎట్లా? ఆమె పిల్లల ఛాతీ మీద వేళ్ళు ఆనించి గుండె కదలికలను గుర్తించడం నేర్చుకుంది. ఎక్స్‌రే తెర మీద గుండె కొట్టుకోవడాన్ని నాలుగు వైపుల నుండి చూసేది. ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాటలు పోల్చుకునేది.

ఆ క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో నీలి పిల్లలు ఎందరో. ఈ జబ్బును ఫ్రాన్స్ దేశపు వైద్యుడు ఫాలో 1888లోనే వర్ణించాడు. గుండె రెండు జఠరికల మధ్య గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు, బృహద్ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉండటం, కుడి జఠరిక కండ మందం కావడం - ఈ నాలుగు లోపాలూ కలిసి ఉంటాయి. ఊపిరితిత్తులకు చాలినంత రక్తం చేరదు. ప్రాణవాయువు అందని రక్తమే ఒళ్ళంతా తిరుగుతుంది. అందుకే ఆ నీలి రంగు. గొంతుక్కూర్చుంటే కాళ్ళ రక్తనాళాలు నొక్కుకుని, ఒంట్లోకి పోయే రక్తానికి అడ్డు పెరుగుతుంది. అప్పుడు మరికొంత రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుంది. ఏ చదువూ లేకుండానే పసిపిల్లలు కనిపెట్టుకున్న ఉపాయం అది!

టాసిగ్ ఒక సంగతి గమనించింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య ఒక చిన్న నాళం ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోతుంది. నీలి పిల్లల్లో ఆ నాళం తెరుచుకుని ఉన్నన్నాళ్ళు కొంత మేలుగానే ఉండి, మూసుకోగానే ప్రాణం మీదికి వస్తున్నది. మా రైతుల భాషలో చెప్పాలంటే, పెద్ద తూము పూడుకుపోయినా పక్క పిల్లకాల్వ పారుతున్నంత కాలం మడి ఎండదు. మరి కొత్తగా ఒక పిల్లకాల్వ తవ్వలేమా? అదే ఆమె ప్రశ్న.

1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్, మూసుకోకుండా మిగిలిన ఆ నాళాన్ని మూసి పేరు పొందాడు. టాసిగ్ ఆయన దగ్గరకు వెళ్ళి, అలాంటి నాళాన్ని కొత్తగా కట్టగలరా అని అడిగింది. ఆయన ఆసక్తి చూపలేదు. 1941లో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అనే సర్జన్ హాప్కిన్స్‌కు వచ్చాడు. ఆయన ఒప్పుకున్నాడు. ప్రయోగశాలలో కుక్కల మీద ఆ పద్ధతిని సాధించిపెట్టినవాడు వివియన్ థామస్. నల్లజాతివాడు, వడ్రంగి కొడుకు, డబ్బులేక కాలేజీ చదువు పూర్తిచేయలేకపోయినవాడు.

1944 నవంబర్ 29న పదిహేను నెలల పాపకు ఆపరేషన్ జరిగింది. చేతికి పోయే ధమనిని మళ్ళించి పుపుస ధమనికి కలిపి కుట్టారు. థామస్ బ్లేలాక్ వెనుక నిలబడి కుట్టు కుట్టుకూ సలహా చెప్పాడు. ఆ పాప కోలుకుంది గాని, కొన్ని నెలలకే చనిపోయింది. అయినా వాళ్ళు ఆగలేదు. మూడోవాడు ఆరేళ్ళ బాబు. ఆపరేషన్ బల్ల మీదనే వాడి పెదవులు గులాబీ రంగుకు తిరిగాయి. 1945లో ఈ వార్త వెలువడగానే దేశదేశాల తల్లిదండ్రులు బాల్టిమోర్ దారి పట్టారు. ఆ వ్యాసం మీద థామస్ పేరు లేదు. ఆయనకు గౌరవ డాక్టరేట్ దక్కింది 1976లో. ఇప్పుడా ఆపరేషన్‌ను ముగ్గురి పేర్లతోనూ పిలుస్తున్నారు.

టాసిగ్ అక్కడితో ఆగలేదు. 1962లో జర్మనీ వెళ్ళి, గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల కాళ్ళు చేతులు లేకుండా పుట్టిన పిల్లలను చూసి వచ్చి, ఆ మందు ప్రమాదాన్ని అమెరికాలో చాటి చెప్పింది. 1965లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయింది. 1986 మే 20న కారు ప్రమాదంలో కన్నుమూసింది.

1954 నుండి గుండెను తెరిచి లోపాన్ని పూర్తిగా సరిచేసే ఆపరేషన్లు వచ్చాయి. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో పిల్లల గుండె ఆపరేషన్లూ చేరాయి. పుట్టిన బిడ్డ చేతికి, కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే ప్రాణవాయువు తక్కువైన సంగతి నిమిషాల్లో తెలుస్తుంది. కాని ముందు ఎవరో ఒకరు ఆ నీలి పెదవులను చూసి, ఎందుకిలా అని అడగాలి కదా!

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుండి వచ్చి సైన్సు చదువుతున్న మనం సెలవులకు ఇంటికి పోతాం. పాలు తాగుతున్నప్పుడో ఏడుస్తున్నప్పుడో నీలంగా మారే పాపను, ఆటలో ఆగి గొంతుక్కూర్చునే పిల్లవాణ్ణి చూస్తే తాయెత్తు దాకా పోనివ్వకండి. ఆ తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. మా కల్లంలో ఆ పని చేసేవాళ్ళు ఆనాడు ఒక్కరూ లేకపోయారు.