బూడిదరంగు బుల్లి ట్రాక్టరు: హారీ ఫెర్గూసన్ కథ

దమ్ముకు దిగిన ట్రాక్టరు వెనక భాగం ఒకసారి చూడండి. కింద రెండు ఇనుప చేతులు, పైన ఒక టాప్‌లింకు. ఈ మూడింటికీ కల్టివేటరు బిగిస్తారు. సీటు పక్కనున్న చిన్న లివరు కదిపితే పనిముట్టు లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఇవాళ ఏ కంపెనీ బండి అయినా దాదాపు ఇదే అమరిక. దీన్ని లోకానికి ఇచ్చినవాడు ఐర్లండు రైతుబిడ్డ హారీ ఫెర్గూసన్. ఆయన చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఆయన మన పక్షం మనిషేమీ కాదు, పెట్టుబడిదారుడు. అయినా రోజూ ఈ యంత్రం వెనకా ముందూ బతికే కూలీలకు ఆయన కథ తెలిసి ఉండాలని మేము అనుకుంటున్నాం.

పొలం వదిలి షెడ్డుకు

ఫెర్గూసన్ 1884 నవంబరు 4న ఉత్తర ఐర్లండులోని డ్రోమోర్ దగ్గర గ్రోవెల్ అనే పల్లెలో పుట్టాడు. పదకొండు మంది పిల్లల సంసారం. తండ్రి దైవభక్తిలో కరకు మనిషి. పద్నాలుగేళ్ళకే బడి మానిపించి పొలంలో పెట్టారు. గుర్రాల వెంట మడక పట్టుకుని నడిచే ఆ చాకిరీ కుర్రవాడికి పడలేదు. 1902లో బెల్ఫాస్టు వెళ్ళి అన్న నడిపే సైకిళ్ళ, కార్ల రిపేరు షెడ్డులో చేరాడు. చదువు అక్కడే మొదలైంది. ఇంజను విప్పడం, బిగించడం, చెవితో విని రోగం పట్టడం అక్కడ వంటబట్టాయి. 1909 డిసెంబరు 31న తాను కట్టిన విమానాన్ని తానే సుమారు 130 గజాలు ఎగరేశాడు. ఐర్లండు గడ్డ మీద అదే మొదటి విమానం.

1911లో సొంత దుకాణం పెట్టాడు. విల్లీ శాండ్స్ అనే మెకానిక్ ఆయన దగ్గర పనికి చేరాడు. తర్వాత ఫెర్గూసన్ పేరు మీద వచ్చిన యంత్రాల్లో ఈ శాండ్స్ చేతి పని చాలా ఉంది. పేటెంటు కాగితం మీద యజమాని పేరే పెద్దగా కనబడుతుంది కాబట్టి ఈ సంగతి మేము ముందే చెబుతున్నాం.

డ్రైవర్లను చంపే బండి

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌కు తిండిగింజల కరువొచ్చింది. 1917లో ఐర్లండులోని ట్రాక్టర్లను సరిగ్గా పని చేయించే బాధ్యత ప్రభుత్వం ఫెర్గూసన్‌కు అప్పగించింది. శాండ్స్‌ను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగాడు. చూసిందేమిటంటే, గుర్రానికి కట్టినట్టే ట్రాక్టరుకూ వెనక మడక తగిలించి లాగిస్తున్నారు. మడక రాయికో వేరుకో తట్టుకుంటే మడక ఆగిపోతుంది. వెనక చక్రాలు మాత్రం తిరగబోతాయి. అప్పుడు ముందు భాగం గాల్లోకి లేచి, బండి వెనక్కి బోర్లాపడి, డ్రైవరు కింద నలిగిపోతాడు. అలా చాలామంది పోయారు. చావు తప్పించుకోవాలని బండి బరువు పెంచితే నేల గట్టిపడుతుంది, కొనే ఖర్చూ పెరుగుతుంది.

ఫెర్గూసన్ బరువు పెంచలేదు. మడకను బండిలో ఒక భాగంగా కలిపేశాడు. 1920 దశకమంతా ఈ పని మీదే గడిచింది. కింద రెండు చేతులు మడకను లాగుతాయి. మడక నేలలో దిగి ఎదురు తన్నినప్పుడు ఆ తోపుడు టాప్‌లింకు మీదుగా ముందుకు వచ్చి బండిని నేలకు అదిమి పట్టుకుంటుంది. మడక బరువు, మట్టి బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. టాప్‌లింకు మీద వత్తిడి ఎక్కువైతే హైడ్రాలిక్ లిఫ్టు తనంతట తానే మడకను కొంచెం పైకి తీస్తుంది. రాయికి గట్టిగా తగిలితే వెనక చక్రాల మీద బరువు తగ్గి అవి ఊరికే జారతాయి. బండి లేవదు, మనిషి బతుకుతాడు. టన్నుకు కాస్త పైన బరువున్న బండి తనకన్నా బరువైన బండ్ల పని చేయగలిగింది.

పెట్టుబడిదారుల పొత్తులు

1936లో ఇంగ్లండులోని డేవిడ్ బ్రౌన్ కంపెనీతో కలిసి మొదటి ట్రాక్టర్లు తీశాడు. ఇద్దరికీ పొసగలేదు. 1938 అక్టోబరులో ఓ ట్రాక్టరును ఓడ ఎక్కించుకుని అమెరికా పోయి, హెన్రీ ఫోర్డు ఇంటి పొలంలో దున్ని చూపించాడు. ఫోర్డు అక్కడే చెయ్యి కలిపి ఒప్పుకున్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఈ ఫోర్డు ఎవరో మన కార్మికులు మరవకూడదు. 1937 మేలో ఆయన కర్మాగారం గేటు దగ్గర సంఘం కరపత్రాలు పంచబోయిన నాయకులను కంపెనీ మనుషులు చావబాదారు.

1939 నుంచి 1947 దాకా ఆ పొత్తులో 3 లక్షలకు పైగా ట్రాక్టర్లు వచ్చాయి. తర్వాత ముసలి ఫోర్డు మనవడు చేతి మాట తెంచేశాడు. ఫెర్గూసన్ అమరికతోనే తన సొంత బండి దింపాడు. ఫెర్గూసన్ 1948లో 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. నాలుగేళ్ళు కోర్టుల్లో నలిగి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడ్డాడు. అంతటి షావుకారే పెద్ద షావుకారు చేతిమాట నమ్మి ఇలా దెబ్బతిన్నాడు. నోటిమాట మీద కౌలు చేసేవాళ్ళు, నోటిమాట మీద పాలేరుతనం చేసేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఈలోగా 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో, యుద్ధకాలపు విమాన ఇంజన్ల కర్మాగారంలో, స్టాండర్డ్ మోటార్ కంపెనీ చేత టీఈ-20 అనే బూడిదరంగు బుల్లి ట్రాక్టరు తీయించాడు. 1956 దాకా 5 లక్షల 17 వేలకు పైగా తయారయ్యాయి. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం దక్షిణ ధ్రువం చేరింది ఈ బండ్ల మీదే. 1953లో కంపెనీని కెనడా వాళ్ళ మాసీ-హారిస్‌తో కలిపేశాడు. లెక్కలో 10 లక్షల డాలర్ల దగ్గర తగాదా వస్తే నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ఫెర్గూసన్ ఓడాడు. లక్షల మంది చెమటతో వచ్చిన సొమ్మును వీళ్ళు బొమ్మా బొరుసూ ఆడారు.

ఇవాళ్టికీ నడుస్తున్నాయి

ఆ బూడిదరంగు బండ్లు బ్రిటన్‌లో, ఐర్లండులో ఇప్పటికీ వేలల్లో బతికే ఉన్నాయి. పాత రైతులు, రిటైరైన మెకానిక్కులు ముచ్చటకొద్దీ వాటిని కాపాడుకుంటున్నారు. పాత బండ్లకు విడిగా దుక్కి పోటీలు కూడా జరుగుతాయి. అంత పాత ఇనుము ఎలా బతికిందో చూస్తే మనకు పనికొచ్చే పాఠాలు కనబడతాయి.

ఒకటి, ఆ బండి తయారీయే రైతు చేతికి అందేలా ఉంది. బండితో పాటు ఇచ్చిన ఒక్క పానాతో చాలా నట్లు, సర్దుబాట్లు అయిపోయేవి. ఆ పానా మీదే అంగుళాల గీతలుండేవి, కొలబద్దగా వాడుకునేవారు. గేరు రాడ్డును స్టార్టు గుర్తు దగ్గరికి తెస్తేనే ఇంజను అందుకుంటుంది. గేరులో ఉండగా పొరపాటున స్టార్టయి మనిషి మీదికి దూకే ప్రమాదం లేదు.

రెండు, దాచే పద్ధతి. చలికాలంలో రేడియేటరులోనూ ఇంజను దిమ్మెలోనూ నీళ్ళు మిగిలితే గడ్డకట్టి ఇనుము పగులుతుంది. అందుకని రెండు కుళాయిలూ విప్పి దించేస్తారు, లేదా గడ్డకట్టని ద్రావకం పోస్తారు. పాత పెట్రోలు తీసేస్తారు. బ్యాటరీ ఊడదీసి పొడిచోట పెడతారు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం నూనె వేసి హేండిలుతో తిప్పుతారు. క్లచ్ ప్లేటు అంటుకుపోకుండా పెడలు తొక్కి కట్టె ముక్క ఆనిస్తారు. లిఫ్టు చేతులు కిందికి దించుతారు, టైర్ల మీద బరువు పడకుండా దిమ్మెలెత్తుతారు. పట్టా చుట్టూ బిగించి కప్పరు. లోపల చెమ్మ నిలిస్తే వానలో తడిసినదానికన్నా ఎక్కువ తుప్పు పడుతుంది. గాలి ఆడే షెడ్డు కావాలి.

మూడు, వాడే పద్ధతి. కిరసనాయిలు జాతి నూనెతో నడిచే రకాలను పెట్రోలు మీద స్టార్టు చేసి, వేడెక్కాక నూనెకు మార్చాలి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు తేవాలి. కాలని నూనె కిందికి జారి ఇంజనాయిలును పలచన చేస్తుంది గనుక ఆయిలు తరచూ మార్చాలి. ఈ వాడకం నేర్పడానికే ఫెర్గూసన్ కంపెనీ ఇంగ్లండులోని స్టోన్‌లీలో శిక్షణ బడి నడిపింది.

తేలని లెక్క

చిన్న ట్రాక్టరు చౌకగా వస్తే గుర్రాల మేత భూమి మనుషుల తిండికి మిగులుతుందని, ధరలు దిగి ఆకలి పోతుందని ఫెర్గూసన్ నమ్మాడు. గుర్రాలు పోయిన మాట నిజం. గుర్రాల వెంట నడిచిన కూలీల పని కూడా పోయింది. మిగిలింది ఎవరి గాదెలోకి పోవాలన్న ప్రశ్న ఆయన వెయ్యలేదు. 1954లో కంపెనీ నుంచి తప్పుకుని, చివరిదాకా కొత్త యంత్రాల పిచ్చిలోనే ఉండి, 1960 అక్టోబరు 25న నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయాడు. కావాలని మింగాడో పొరపాటో విచారణలో తేలలేదు. ఉత్తర ఐర్లండులో 20 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ అచ్చువేశారు. ఆయన బండ్లు చేసిన కోవెంట్రీ కార్మికుల బొమ్మ ఏ నోటు మీదా లేదు. ఆ కర్మాగారాన్ని 2000 దశకం మొదట్లో మూసేసి వాళ్ళను ఇంటికి పంపారు.

ఆయన పోయిన 1960లోనే మద్రాసులో టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ సహకారంతో పుట్టింది. ఆ బండ్లు మన పొలాల్లోకీ వచ్చాయి. డ్రైవరు ప్రాణం కాపాడే అమరిక వచ్చిందిగానీ, కూలీల ప్రాణం లెక్కలోకి రాలేదు. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది చచ్చిపోయారు. ఎక్కువమంది ఆడకూలీలే. సరుకు మోసే తొట్టిలో మనుషుల్ని కుక్కితే ఏ టాప్‌లింకూ కాపాడదు.

అందుకే మేము అడిగేవి ఇవి. పనికి తీసుకెళ్ళే వాళ్ళు తొట్టి కాకుండా సీట్లున్న బండి పెట్టాలి. అద్దె యంత్రాల కేంద్రాలు భూస్వాముల చేతిలో కాకుండా కూలీల, చిన్న రైతుల సహకార సంఘాల చేతిలో ఉండాలి. కూలీల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ట్రాక్టరు నడపడం, విప్పి బిగించడం ప్రభుత్వ ఖర్చుతో నేర్పాలి. పద్నాలుగేళ్ళకు బడి మానిన కుర్రవాడు షెడ్డులో నేర్చుకుని ఇంత చెయ్యగలిగాడు. మన పిల్లల చేతికి పానా అందితే వాళ్ళూ చేస్తారు. ఈ కోర్కెలను ఈసారి మండల మహాసభల తీర్మానాల్లో చేర్చాలని ప్రతి గ్రామ శాఖనూ కోరుతున్నాం.