కరోలిన్ హెర్షెల్

జర్మనీ దేశమందలి హానోవర్ నగరమున 1750వ సంవత్సరము మార్చి 16వ తేదీన కరోలిన్ హెర్షెల్ జన్మించెను. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందమున సంగీతకారుడు. నేల మంచుతో గడ్డకట్టిన ఒక రాత్రి ఆయన కూతును వీధిలోనికి తీసికొనిపోయి నక్షత్రమండలములను, ఆ దినములలో కనబడుచున్న తోకచుక్కను చూపెను. తల్లికి ఇట్టివి గిట్టవు. ఆడుపిల్లకు కుట్టుపని, ఇంటిపని చాలునని ఆమె తలంపు. పదియవ యేట సోకిన టైఫస్ జ్వరము వలన కరోలిన్ ఎదుగుదల నిలిచిపోయి, ఎత్తు 4 అడుగుల 3 అంగుళములు దాటలేదు. ఇక నీమెకు వివాహము కాదని ఇంటివారు నిశ్చయించుకొనిరి. 1767లో తండ్రి మరణింపగా ఆమె ఆ యింట జీతములేని పనికత్తె యయ్యెను.

ఆమె అన్న విలియం ఇంగ్లండులోని బాత్ పట్టణమున సంగీతోపాధ్యాయుడు. చెల్లెలికి పాట నేర్పింతునని అతడు 1772లో వచ్చి అడిగెను. తల్లి యొప్పుకొనలేదు. కరోలిన్‌కు బదులు పనిమనిషిని పెట్టుకొనుటకు ఏటేట సొమ్ము పంపెదనని అతడు మాటయిచ్చిన పిమ్మట గాని ఆమెను పోనీయలేదు.

బాత్‌లో ఆమె గానము నలుగురి మెప్పును పొందెను. అంతలో విలియమునకు ఖగోళశాస్త్రపు పిచ్చి పట్టెను. పెద్ద దూరదర్శినులు కొనుటకు ధనము చాలక అతడు వాని అద్దములను ఇంటనే పోతపోసి మెఱుగుపెట్టసాగెను. పోతకు కావలసిన మూసను గుఱ్ఱపు పేడతో చేయవలెను. ఆ పేడను దంచి జల్లించుట చెల్లెలి వంతు. ఒకసారి అతడు 16 గంటలు అద్దముపై నుండి చేయి తీయకుండ పనిచేయగా ఆమె ముద్దలు నోటికందించెను. 1781 మార్చి 13న అతడు యురేనస్ గ్రహమును కనుగొనెను. రాజు ఏటికి 200 పౌనుల వేతనమిచ్చి విండ్సరుకు సమీపమున నుండుమనెను. చెల్లెలి గానము అంతటితో ముగిసెను. ఆమె యిష్టమును ఎవరును విచారించినట్లు కనబడదు.

1782 ఆగస్టులో అన్న ఆమెకొక చిన్న దూరదర్శిని నిచ్చి, ఆకాశమును వరుసగా గాలించి తోకచుక్కలను వెదకుమనెను. మంచు కురిసిన గడ్డిపై పలుకరించు దిక్కులేక నిలుచుట మొదట ఆమెకు దుస్సహముగ నుండెను. మఱుసటి యేట అంతకంటె మంచిదొకటి చేసియిచ్చెను. అదియు చిన్నదే. అది వస్తువులను మిక్కిలి పెద్దవిగ చూపదు. గాని నలుగురు పూర్ణచంద్రులు ప్రక్కప్రక్కన పట్టునంత ఆకాశము దానిలో ఒక్కసారిగా కనబడును. పెద్ద దూరదర్శినితో తోకచుక్కను వెదకుట, వెదురు గొట్టములో నుండి చూచుచు తప్పిపోయిన దూడను వెదకుట వంటిది. నేడు బైనాక్యులర్లతో ఆకాశమును చూచువారికి కలుగు సౌకర్యమే నాడు ఆమెకు ఈ పరికరము వలన కలిగెను. అయితే దూదిపింజ వలె మసకగా నుండునది తోకచుక్కయో నీహారికయో ఒక్కరాత్రి చూచి చెప్పరాదు. మఱునాడు అది నక్షత్రముల నడుమ చోటు మాఱినచో తోకచుక్క యగును. గుణకారపు ఎక్కములు ఎన్నడును నోటికి రాక చీటీపై వ్రాసి దగ్గఱనుంచుకొన్న యీమెకు ఆకాశము మాత్రము కంఠస్థమయ్యెను.

అయినను ఆమె రాత్రులన్నియు ఆమెవి గావు. అన్న పెద్ద దూరదర్శిని కడనుండి చెప్పునది వ్రాసికొనుచు తెల్లవారువఱకు మేలుకొనవలెను. 1783 డిసెంబరు 31న, కరగుచున్న మంచుపై చీకటిలో పరుగెత్తుచు ఆమె ఒక ఇనుప కొక్కెముపై పడెను. కుడికాలి నుండి దానిని విడదీయగా మాంసము ఊడివచ్చెను. తరువాత మబ్బులు కమ్మెను గనుక అన్న పనికి నష్టము కలుగలేదని ఆమె ఊఱడిల్లెను.

1786లో వారు స్లౌ గ్రామమునకు మాఱిరి. ఆ వేసవిలో, రాజు కానుకగ పంపిన దూరదర్శినిని అప్పగించుటకు విలియం జర్మనీకి వెళ్ళెను. ఆగస్టు 1న కరోలిన్‌కు ఒక మసక చుక్క కనబడెను. మఱునాటి రాత్రి ఆకాశము మూసికొనిపోయి యుండెను. ఆమె ఒంటిగంట వఱకు కాచుకొనెను. అప్పుడు మబ్బు విడెను, చుక్క కదలియుండెను. వెంటనే లండనుకు ఉత్తరము వ్రాసెను. కొలది దినములలో రాయల్ సొసైటీ పెద్దలు ఆమె యింటికి వచ్చి ఆ తోకచుక్కను చూచిరి. 1787లో రాజు ఆమెకు ఏటికి 50 పౌనుల వేతనము నిర్ణయించెను. తన యిష్టము వచ్చినట్లు ఖర్చుపెట్టుకొనదగిన సొమ్ము ఆమె చేతికి వచ్చుట అదియే మొదలు. అప్పటికామె వయస్సు 37.

1797 నాటికి ఆమె చూచిన క్రొత్త తోకచుక్కలు ఎనిమిది. చివరిదానిని కనుగొన్న రాత్రి ఒక గంట మాత్రము నిదురించి, గుఱ్ఱమెక్కి గ్రీనిచ్ వేధశాలకు పోయి తానే ఆ వార్తను తెలిపెను. 1822లో అన్న మరణింపగా హానోవరునకు మరలి, అతడు గుర్తించిన సుమారు 2,500 నీహారికల పట్టికను సిద్ధపఱచెను. అందులకై 1828లో లండనులోని ఖగోళశాస్త్ర సంఘము స్వర్ణపతకము నొసగెను. 1848 జనవరి 9న, 97 ఏండ్ల వయస్సున, ఆమె పుట్టిన ఊరనే కన్నుమూసెను.

1788లో ఆమె చూచిన తోకచుక్క 1939లో రిగొలే అను ఫ్రెంచి పరిశీలకునికి మరల కనబడెను. దానికి ఇప్పుడు ఇద్దఱి పేర్లును కలవు. అది తిరిగి సూర్యుని చెంతకు వచ్చునది 2092లో.