కొన్ని ఇళ్లనడిగి దేశం లెక్క తేల్చిన మహలనోబిస్

బనగానపల్లె నాపరాయి గనుల్లో పనిలేక ఎంతమంది ఖాళీగా ఉన్నారో సర్కారు ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టదు. చీటీ తీసినట్టు కొన్ని ఊళ్లు, వాటిలో కొన్ని ఇళ్లు ఎంచుకుని అడుగుతుంది. అక్కడి జవాబుల నుంచే మొత్తం నిరుద్యోగం అంచనా కడుతుంది. మన దేశంలో ఈ పద్ధతిని నిలబెట్టింది ప్రశాంత చంద్ర మహలనోబిస్.

1893లో కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ చదివొచ్చి, 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. బెంగాల్ జనపనార పంటను ఇలాగే కొన్ని పొలాలు చూసి అంచనా వేయించారు. ఆయన చొరవతోనే 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది.

చిక్కంతా కూలోళ్ల దగ్గరే. వారంలో ఒక్కరోజు గంటసేపు పని దొరికినా వారపు లెక్కలో పని ఉన్నట్టే జమ. మిగతా ఆరు రోజులు పొయ్యి వెలగకపోయినా సరే! అందుకే ఒక్కో రోజునూ విడిగా చూసే లెక్కను 1972-73 సర్వేలో తెచ్చారు. అది మొదలవడానికి కొద్ది నెలల ముందే, 1972 జూన్ 28న, మహలనోబిస్ కన్నుమూశారు.