చూపుకు వెలుగే ఆధారం: ఇబ్నుల్ హైసమ్

హిజ్రీ 354 (క్రీ.శ. 965) ప్రాంతంలో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్, నైలు నది వరదను అదుపు చేయగలనని ఈజిప్టు వెళ్ళారు. నదిని స్వయంగా చూశాక అది తన వల్ల కాదని ఒప్పుకున్నారు. పాలకుడు అల్ హాకిమ్ ఆగ్రహానికి భయపడి, 1021లో ఆయన మరణించేదాకా పిచ్చివానిలా నటించారని చరిత్రకారులు రాశారు.

కంటి నుంచి కిరణాలు వెలువడితేనే వస్తువు కనిపిస్తుందని యూక్లిడ్, టాలెమీ భావించారు. మరి సూర్యుణ్ణి చూస్తే కన్నెందుకు నొప్పెడుతుంది? వస్తువు నుంచి వచ్చే వెలుగు కంట్లో చేరడం వల్లే చూస్తున్నామని ఆయన పరీక్షలు చేసి, ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్'లో వివరించారు.

మీట నొక్కినా దీపం వెలగనప్పుడు కళ్ళుండీ చూడలేము. కన్నునూ, వెలుగునూ ప్రసాదించిన అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుదాం. చేతకానిది ఒప్పుకునే నిజాయితీని ఆయన నుంచి నేర్చుకుందాం.