ఎల్క్‌హార్న్ ఆసామి
నేను పశువులున్న ఇంట్లో పుట్టినవాణ్ణి. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ (1858–1919) నాకు మందలు పెంచిన ఆసామిగానే దగ్గర. 1884 ఫిబ్రవరి 14న తల్లీ, భార్యా ఒకే ఇంట్లో పోతే డకోటా బయళ్లకు వెళ్లిపోయాడు. అక్కడ రెండు ఎల్క్ దుప్పుల కొమ్ములు పెనవేసుకుని పడివున్నాయి. మా ఎద్దులు కొమ్ము కలిపితే కర్రతో విడదీస్తాం, అడవిలో విడదీసేదెవరు? రెండూ అలాగే చచ్చాయి. తన స్థలానికి ఎల్క్‌హార్న్ అని పేరు పెట్టాడు.

మగ ఎల్క్ కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. నాలుగడుగులు పెరిగేవీ ఉన్నాయి! వేటగాళ్ల కన్నంతా వాటిమీదే. ఆయనా వేటాడాడు. కానీ 1887లో వేటగాళ్లతోనే బూన్ అండ్ క్రోకెట్ క్లబ్ పెట్టి జంతురక్షణకు దిగాడు. 1909 మార్చి 2న, పదవి దిగే రెండు రోజుల ముందు, ఎల్క్‌ల కోసం ఒలింపస్ కొండలను రక్షిత ప్రాంతం చేశాడు. అక్కడి ఎల్క్‌కు ఆయన పేరే.